స్లీప్‌లో పెట్టిన డెస్క్‌టాప్ భోజనం చేసి వచ్చేసరికి లేవడం లేదు, తెరిచి ఉంచిన పని అంతా పోతోంది

కావలి కార్డులు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

అందరికీ నమస్కారం. కావలిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఫ్లెక్సీ డిజైన్లు. ముహూర్తాల రోజులు కాబట్టి ఊపిరి సలపని పని. సరిగ్గా ఇప్పుడే సిస్టమ్ మొరాయిస్తోంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేటప్పుడు స్లీప్‌లో పెట్టి, షట్టరు దించి వెళ్తాను. పేజ్‌మేకర్, ఫొటోషాప్, అను స్క్రిప్ట్ మేనేజర్ అన్నీ తెరిచే ఉంటాయి. వచ్చి కీబోర్డు నొక్కితే ఒక్కోసారి చక్కగా లేస్తుంది. ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్ నొక్కితే మదర్‌బోర్డు కంపెనీ లోగో వచ్చి, విండోస్ మొదటి నుంచి మొదలవుతుంది. తెరిచి ఉంచినవన్నీ గల్లంతు. నిన్న ఒక శుభలేఖలో ఆహ్వానించువారి పేర్లు మొత్తం మళ్లీ టైపు చేయవలసి వచ్చింది. పెళ్లివారు ఎదురుగా కూర్చుని గడియారం చూసుకుంటున్నారు.

టీ తాగి వచ్చినప్పుడు ఈ గొడవ ఎప్పుడూ లేదు. భోజన విరామంలోనే వస్తుంది. రాత్రి షట్‌డౌన్ చేస్తాను, ఉదయం మామూలుగా ఆన్ అవుతుంది.

2019లో నెల్లూరులో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, చిన్న గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా), విండోస్ 10. బయట 600 వీఏ యూపీఎస్ ఉంది. షాపు కుర్రాడు గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చి చూశాడు, ఫలితం లేదు. సర్వీసింగ్ చేసే అతను "బోర్డు పోయింది, మార్చాల్సిందే" అంటున్నాడు. ఈ సీజనులో అంత ఖర్చు పెట్టాలా?

ట్రంకు రోడ్డు పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 3:41

అసలు స్లీప్ ఎందుకండీ? షట్‌డౌన్ చేసి అన్నానికి వెళ్లండి. ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్ నిమిషంలో ఆన్ అవుతుంది. నేను విండోస్ 98 కాలం నుంచి కంప్యూటర్ వాడుతున్నాను, ఒక్కనాడూ స్లీప్ జోలికి పోలేదు. నాకు ఏ సమస్యా రాలేదు.

కనిగిరి కుర్రాడు | మంగళవారం, సాయంత్రం 4:05

ఫార్మాట్ చేయండి అన్నా. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. 11 వేసుకుంటే ఇవన్నీ పోతాయి.

కావలి కార్డులు | మంగళవారం, సాయంత్రం 4:30

పాతకాపు గారూ, ఆన్ కావడం నిమిషమే. ఆరేడు కార్డుల ఫైళ్లు, ఫాంట్లు, ఫొటోలు తిరిగి తెరుచుకుని ఎక్కడ ఆపానో వెతుక్కోవడానికి పావుగంట పడుతుంది.

తమ్ముడూ, ఫార్మాట్ అంటే పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ తిరిగి ఎక్కించాలి. ముహూర్తాలు అయ్యేదాకా ఆ మాట ఎత్తవద్దు.

మైపాడు అల | మంగళవారం, రాత్రి 9:12

ఫార్మాట్, బోర్డు మార్చడం రెండూ పక్కన పెట్టండి. రోగం ఏమిటో తెలియకుండా ఆపరేషన్ చేస్తారా ఎవరైనా?

స్లీప్ తర్వాత లేవకపోవడంలో రకాలు ఉన్నాయి, ఒక్కో దానికి కారణం వేరు. ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉండిపోతే ర్యామ్, బయాస్ (విండోస్ కంటే ముందు బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్), గ్రాఫిక్స్ వైపు చూడాలి. స్క్రీన్ వచ్చి, విండోస్ లోపంతో ఆగిపోయిందని చెప్పే నీలి తెర పడి, తనంతట తానే రీస్టార్ట్ అయితే దాదాపు ఎప్పుడూ ఏదో ఒక డ్రైవరే, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేరే. మీరు చెప్పిన పద్ధతిలో, అంటే కీ నొక్కినా ఏమీ కదలకుండా పవర్ బటన్‌తో మొదటి నుంచి ఆన్ అయితే, నాకు డ్రైవర్ మీద అనుమానం తక్కువ.

రేపు ఈ పని చేయండి. సిస్టమ్‌లో జరిగినవన్నీ విండోస్ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే భాగంలోకి వెళ్లండి. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు కెర్నల్ పవర్ పేరుతో 42 నంబరు నమోదవుతుంది. సవ్యంగా లేస్తే పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో 1 నంబరు పడుతుంది. సరిగా ఆపకుండా ఆగిపోయి ఉంటే, మళ్లీ ఆన్ అయినప్పుడు కెర్నల్ పవర్ 41 వస్తుంది. ఆ 41 మీద రెండుసార్లు నొక్కి, వివరాల్లో బగ్ చెక్ కోడ్ (నీలి తెరకు కారణం చెప్పే నంబరు) ఎదురుగా ఏ అంకె ఉందో చెప్పండి.

ఇంకొకటి. ఈసారి లేవనప్పుడు దేన్నీ ముట్టుకోకముందే క్యాబినెట్ ముందున్న చిన్న దీపం చూడండి. స్లీప్‌లో ఉంటే అది మినుకుమినుకుమంటూ ఉండాలి.

ఒంగోలు గిత్త | మంగళవారం, రాత్రి 9:50

నాదీ ఇదే బాధ. స్లీప్ నుంచి లేపితే డెస్క్‌టాప్ కనబడుతుంది, మౌస్ కదులుతుంది, రెండు మూడు నిమిషాలకు నీలి తెర వచ్చి రీస్టార్ట్ అవుతుంది. అక్కా, మీరు చెప్పినట్టు 41 తెరిచి చూశాను. బగ్ చెక్ కోడ్ 159 అని ఉంది. ఇదేమి నంబరు?

మైపాడు అల | మంగళవారం, రాత్రి 10:15

గిత్త గారూ, మీది అదే బాధ కాదు. అయినా మీ రోగం తేలికగా దొరికే రకం.

159 అంటే డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడూ లేచేటప్పుడూ విండోస్ ఒక్కో పరికరానికీ "పడుకో", "లే" అని ఆదేశం పంపి, పని అయిందన్న జవాబు కోసం ఆగుతుంది. ఏదో ఒక డ్రైవర్ గడువు దాటినా జవాబు ఇవ్వకపోతే విండోసే చేతులెత్తేసి నీలి తెర వేస్తుంది. ఆ డ్రైవర్ ఎవరో పట్టుకుంటే చాలు. ఈ మధ్య కొత్తగా ఏమి తగిలించారు? యూఎస్‌బీ వైఫై, బ్లూటూత్ బిళ్ల, వెబ్ కెమెరా వంటివి?

ఒంగోలు గిత్త | మంగళవారం, రాత్రి 10:22

యూఎస్‌బీ వైఫై బిళ్ల ఉంది. ఊళ్లో కొన్నాను, పేరులేని సరుకు. డ్రైవర్ చిన్న సీడీలో ఇచ్చారు.

మైపాడు అల | మంగళవారం, రాత్రి 10:26

అది పీకి, స్లీప్‌లో పెట్టి లేపండి. తర్వాత మాట్లాడుకుందాం.

మూలాపేట మాస్టారు | బుధవారం, ఉదయం 6:35

కావలి మిత్రునికి. అల గారు చెప్పిన దారి సరైనదే. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ నాలుగు మాటలు కలుపుతున్నాను, పెద్దదైతే మన్నించండి.

డెస్క్‌టాపుల్లో స్లీప్ అంటే సాధారణంగా ఎస్3 స్థితి. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఏసీపీఐ అనే ప్రమాణంలోని పేరు అది. ఎస్3లో ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్ ఒక్కటే బతికి ఉంటుంది. మీరు తెరిచిన పేజీలన్నీ ఉండేది అందులోనే. ర్యామ్‌కు కరెంటు ఒక్క క్షణం ఆగినా అందులోది చెరిగిపోతుంది.

స్లీప్‌లో ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎస్ఎంపీఎస్‌లో స్టాండ్‌బై అని విడిగా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ అది పని చేస్తూనే ఉంటుంది. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరులో ఊదారంగు తీగ దానిదే. రోగికి సెలైన్ ఎక్కించినట్టు, ఆ ఒక్క తీగ మీదే ర్యామ్ బతుకుతుంది. మిగతా వోల్టేజీలు అప్పుడు సున్నా. లేచే సమయంలో బోర్డు ఆకుపచ్చ తీగను భూమికి కలుపుతుంది, అప్పుడు 12, 5, 3.3 వోల్టులు ఒక్కసారిగా వస్తాయి.

ఎండలు ముదిరే మన జిల్లాలో, ఏళ్ల తరబడి నడిచిన ఎస్ఎంపీఎస్‌లలో ఆ స్టాండ్‌బై భాగంలోని కెపాసిటర్లు ఎండిపోతాయి, నెత్తిన ఉబ్బుతాయి. మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ లోపం బయటపడకపోవచ్చు. బోర్డు మార్చేముందు మల్టీమీటరు ఉన్నవారితో కొలిపించండి. సిస్టమ్ స్లీప్‌లో ఉండగా నల్ల ప్రోబు నల్ల తీగకు, ఎర్ర ప్రోబు ఊదా తీగకు, కనెక్టరు వెనుక వైపు నుంచి తగిలించాలి. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే మంచిది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులో పెద్ద కెపాసిటరు ప్రాణాంతకమైన వోల్టేజీని కొంతసేపు పట్టి ఉంచుతుంది.

చీమకుర్తి రాయి | బుధవారం, ఉదయం 10:48

మాస్టారూ, నాది మూడో రకం అనుకుంటా. గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసు సిస్టమ్. లేపితే ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి, లైట్లు అన్నీ వెలుగుతాయి, మానిటర్‌లో మాత్రం "సిగ్నల్ లేదు" అని వస్తుంది. బటన్ పట్టుకుని ఆపాల్సిందే. మా దగ్గర రాతి పొడి గురించి తెలిసిందే కదా. బ్లోయరు పెట్టి శుభ్రం చేశాం, ర్యామ్ తీసి తుడిచి పెట్టాం. అయినా అంతే. మొదట 8 జీబీ ర్యామ్ ఉండేది, తర్వాత వేరే కంపెనీది ఇంకో 8 కలిపాం. అప్పటి నుంచే అనుకుంటా.

మూలాపేట మాస్టారు | బుధవారం, ఉదయం 11:30

రాయి గారూ, చివరి వాక్యంలో మీరే జవాబు చెప్పారు.

బయాస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్‌లో ఉందేమో చూడండి. డీడీఆర్4 ర్యామ్‌ను 3200 వేగంతో నడిపే ప్రొఫైళ్లు చాలావరకు 1.35 వోల్టుల మీద పని చేస్తాయి. ఆ రకానికి మామూలు వోల్టేజీ 1.2. వేర్వేరు కంపెనీల స్టిక్కులు రెండు కలిసినప్పుడు ఆ వేగం కత్తి అంచు మీద నడుస్తుంది. ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను తీరిగ్గా సరిచూసుకుంటుంది. స్లీప్ నుంచి లేచేటప్పుడు అంత తీరిక ఉండదు, ముందు దాచుకున్న లెక్కలతోనే ర్యామ్‌ను లేపుతుంది. అక్కడ తేడా కొడుతుంది. ఎక్స్ఎంపీ ఆపి, మామూలు వేగంలో నడిపి చూడండి. అప్పటికీ లేవకపోతే కొత్త స్టిక్కు తీసేసి చూడండి.

మైపాడు అల | బుధవారం, ఉదయం 11:44

మాస్టారి మాటకు ఒక తోక. అది కూడా పని చేయకపోతే బయాస్ అప్‌డేట్ చేయమని ఎవరో ఒకరు చెబుతారు. అది మంచి సలహానే, స్లీప్ గొడవలు చాలావాటిని బోర్డు కంపెనీలు బయాస్ అప్‌డేట్లలోనే సరిచేస్తాయి. కానీ కరెంటు నమ్మకంగా ఉండే పూట చేయండి. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోతుంది.

కావలి కార్డులు | బుధవారం, సాయంత్రం 5:15

ఈరోజు మళ్లీ లేవలేదు. ఈసారి అన్నీ చూసి రాసుకున్నాను.

పక్క వీధిలోని టీవీ మెకానిక్ వచ్చి ఉదయమే కొలిచాడు. సిస్టమ్ స్లీప్‌లో ఉండగా ఊదా తీగ దగ్గర 5.08 వచ్చింది. టార్చి వేసి జాలీలోంచి చూశాడు, ఉబ్బిన కెపాసిటరు ఏదీ కనబడలేదు.

మధ్యాహ్నం 1:10కి స్లీప్‌లో పెట్టాను. దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, మౌస్ కింద ఎర్ర వెలుగు కూడా ఉంది. మూడింటికి షట్టరు ఎత్తి దేన్నీ ముట్టుకోకుండా చూశాను. క్యాబినెట్ దీపం లేదు. మౌస్ వెలుగు లేదు. యూపీఎస్ మాత్రం పచ్చదీపంతో నిక్షేపంగా ఉంది. కీబోర్డు నొక్కితే ఏమీ లేదు, పవర్ బటన్‌తోనే వచ్చింది.

ఈవెంట్ వ్యూయర్‌లో 1:10కి 42 ఉంది. ఆ తర్వాత 1 నంబరు లేదు. నేను ఆన్ చేసిన సమయానికి 41 ఉంది. బగ్ చెక్ కోడ్ 0.

మైపాడు అల | బుధవారం, సాయంత్రం 5:40

> మూడింటికి షట్టరు ఎత్తి దేన్నీ ముట్టుకోకుండా చూశాను. క్యాబినెట్ దీపం లేదు.

అయిపోయింది, సగం తేలింది. మీ సిస్టమ్ లేచేటప్పుడు పడిపోవడం లేదు. మీరు కీ నొక్కేసరికే అది ఆరిపోయి ఉంది. కోడ్ 0 అంటే విండోస్‌కు నీలి తెర వేసే అవకాశం కూడా దక్కలేదన్నమాట. కరెంటు కోసేసినప్పుడు ఇలాగే ఉంటుంది.

మధ్యాహ్నం 1:10కీ 3కీ మధ్య మీ వీధిలో కరెంటు పోయిందా? అది కనుక్కోండి ముందు.

కావలి కార్డులు | బుధవారం, సాయంత్రం 6:05

ఎదురు జిరాక్సు షాపు వాళ్లను అడిగాను. రెండింటికి పోయి, అరగంటకు వచ్చిందట. లైన్ల పని ఏదో జరుగుతోంది, ఈ మధ్య చాలా రోజులు మధ్యాహ్నం పోతోందన్నారు. మా ఇంటి వైపు పోవడం లేదు, అందుకే నాకు తెలియలేదు.

కానీ యూపీఎస్ ఉంది కదా! బ్యాటరీ పోయిన ఏడాదే మార్పించాను. నేను పని చేస్తుండగా కరెంటు పోతే పది పన్నెండు నిమిషాలు హాయిగా లాగుతుంది. స్లీప్‌లో అయితే సిస్టమ్ లాగేదే దాదాపు ఏమీ ఉండదు. ఇంకా ఎక్కువసేపు రావాలి కదా?

ట్రంకు రోడ్డు పాతకాపు | బుధవారం, సాయంత్రం 6:20

షట్‌డౌన్ చేసి వెళ్లి ఉంటే ఈ పరిశోధన అంతా తప్పేది.

మూలాపేట మాస్టారు | బుధవారం, రాత్రి 7:55

ఊదా తీగ దగ్గర 5.08 ఉంటే నేను అనుమానించిన ఎస్ఎంపీఎస్ నిర్దోషి. ఇక మిగిలింది యూపీఎస్ బ్యాటరీ మీదకు మారే ఘడియ. ఆ మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటరు ఆ ఖాళీని దాటించాలి. అక్కడ తప్పుతోందేమో. అయితే మీరు పని చేస్తుండగా, అంటే ఎక్కువ లోడు మీద కూడా దాటుతోంది కదా. స్లీప్‌లో తప్పడం నాకు పొసగడం లేదు.

సింగరాయకొండ రొయ్య | బుధవారం, రాత్రి 9:30

నమస్తే. నాకు కంప్యూటర్లు అంతగా తెలియవు, రొయ్యల చెరువులు చూసుకుంటాను. యూపీఎస్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

చెరువు గట్టు మీద షెడ్డులో కెమెరా కోసం ఒక రౌటరు, దానికి ఇలాంటి చిన్న యూపీఎస్ పెట్టాం. కరెంటు పోగానే కొన్ని నిమిషాలకు కెమెరా ఆగిపోయేది. బ్యాటరీ మార్చాం, అంతే. యూపీఎస్ మార్చాలనుకుంటుండగా అమ్మినతను వచ్చి చూసి చెప్పాడు: ఆ యూపీఎస్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు లోడు మరీ తక్కువగా ఉంటే, ఏమీ తగిలించలేదనుకుని తనంతట తానే ఆగిపోతుందట. బ్యాటరీ వృథా కాకుండా అలా పెడతారట. రౌటరు పది వాట్లు కూడా తీసుకోదు. కరెంటు రాగానే యూపీఎస్ మళ్లీ దానంతట అదే ఆన్ అవుతుంది. అందుకే మేము వెళ్లి చూసేసరికి పచ్చదీపమే కనబడేది.

మీదీ అదేనేమో చూడండి.

మైపాడు అల | బుధవారం, రాత్రి 9:41

రొయ్య గారూ, మీకు దండం! కంప్యూటర్లు తెలియవంటూనే మా అందరి నోళ్లూ మూయించారు.

స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్ తీసుకునేది రెండు మూడు వాట్లు, మహా అయితే ఐదు. మానిటరు కూడా స్టాండ్‌బైలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక వాటు లోపే. 600 వీఏ యూపీఎస్‌కు అది ఖాళీతో సమానం. దీన్ని నో లోడ్ షట్‌డౌన్ అనో గ్రీన్ మోడ్ అనో పెట్టె మీద గొప్పగా అచ్చు వేస్తారు. కావలి గారూ, పెట్టె ఉంటే చూడండి. లేకపోయినా పరీక్ష చేయవచ్చు. పని ఏదీ తెరిచి లేనప్పుడు స్లీప్‌లో పెట్టి, యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి తీసి, పక్కనే కూర్చోండి.

కావలి కార్డులు | గురువారం, ఉదయం 9:55

షాపు తెరవగానే ఈ పనే చేశాను. కుర్రాడు ఫోనులో వీడియో కూడా తీశాడు.

స్లీప్‌లో పెట్టి ప్లగ్ తీశాను. యూపీఎస్ కీచుమంది, క్యాబినెట్ దీపం ఆరుతూ వెలుగుతూనే ఉంది. వెంటనే కీబోర్డు నొక్కితే చక్కగా లేచింది. అంటే మాస్టారు అనుమానించిన ఆ మారే ఘడియలో ఏమీ కాలేదు. ప్లగ్ పెట్టి, మళ్లీ స్లీప్‌లో పెట్టి, మళ్లీ తీసి, ఈసారి ముట్టుకోకుండా కూర్చున్నాను. కీచు, విరామం, కీచు. ఐదు నిమిషాలు కాకముందే లోపల "టక్" మని రిలే చప్పుడైంది. కీచు ఆగింది. యూపీఎస్ దీపం, క్యాబినెట్ దీపం, మౌస్ వెలుగు మూడూ ఒకేసారి పోయాయి. ప్లగ్ పెడితే యూపీఎస్ పచ్చదీపం తనంతట తానే వచ్చింది. సిస్టమ్ మాత్రం చచ్చినట్టు పడి ఉంది. రోజూ మధ్యాహ్నం నేను చూసే దృశ్యం అదే!

తర్వాత మా మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. 40 వాట్ల పాత బల్బు ఒకటి హోల్డరుతో సహా తెచ్చి యూపీఎస్ వెనుక సాకెట్‌కు తగిలించాడు. అదే పరీక్ష. ఈసారి టక్ మనలేదు. కీచుమంటూనే ఉంది, బల్బు వెలుగుతూనే ఉంది, చాలాసేపటి తర్వాత కీ నొక్కితే పేజ్‌మేకర్ ఎక్కడ వదిలానో అక్కడే లేచింది.

ఇప్పుడు ఏమి చేయాలి? రోజూ బల్బు వెలిగించి వెళ్లలేను కదా.

మూలాపేట మాస్టారు | గురువారం, ఉదయం 10:20

చాలా శ్రద్ధగా చేశారు. మా విద్యార్థులు ప్రయోగశాలలో ఇంత ఓపిక చూపి ఉంటే నాకు తెల్ల వెంట్రుకలు తక్కువగా ఉండేవి. కొన్ని యూపీఎస్‌లలో ముందు బటన్‌ను నొక్కి పట్టుకుని ఆ గ్రీన్ మోడ్ ఆపవచ్చు, కొన్నింటిలో వెనుక చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నింటిలో అసలు వీలు కాదు. దానితో వచ్చిన కాగితం చూడండి, లేదా అమ్మినవారిని అడగండి.

మరో మాట. లేజర్ ప్రింటరు ఆ యూపీఎస్‌కు తగిలించలేదు కదా? లోడు పెరుగుతుంది కదా అని ఎవరైనా ఆ సలహా ఇస్తే వినవద్దు. లోపలి హీటరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు 600 వీఏ ఆగదు.

మైపాడు అల | గురువారం, ఉదయం 10:52

యూపీఎస్ మాట ఎలా ఉన్నా, మీ పని పోకుండా విండోస్‌లోనే దారి ఉంది. కానీ ముందు నాకు ఒక సంగతి తేలాలి. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లోనే ఉంటుంది. అంటే పడుకునే ముందు ర్యామ్‌లోది డిస్కు మీద కూడా ఒక నకలు రాసుకుంటుంది. కరెంటు పూర్తిగా పోయినా, తర్వాత ఆన్ చేస్తే ఆ నకలు నుంచి అన్నీ తిరిగి తెరుచుకోవాలి. మీకు ఎందుకు అలా జరగడం లేదు?

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఏ కొట్టండి. ఏమి వస్తుందో చెప్పండి.

కావలి కార్డులు | గురువారం, ఉదయం 11:30

స్టాండ్‌బై ఎస్3 ఉంది అని వచ్చింది. హైబర్నేట్ లేదు, "హైబర్నేషన్ ఎనేబుల్ చేయలేదు" అని. హైబ్రిడ్ స్లీప్ లేదు. ఫాస్ట్ స్టార్టప్ కూడా లేదు. అడిగితే మా కుర్రాడు చెప్పాడు. సీ డ్రైవ్ నిండిపోయిందని పోయినసారి సర్వీసింగ్‌కు వచ్చినతను ఏదో ఆదేశం కొట్టి ఆరు జీబీ ఖాళీ చేసి వెళ్లాడట.

మైపాడు అల | గురువారం, ఉదయం 11:47

ఆ ఆరు జీబీ మీ శుభలేఖల బీమా! నేను చెప్పిన నకలు రాసుకునేది హైబర్నేషన్ ఫైలులోనే, 16 జీబీ ర్యామ్‌కు అది మామూలుగా 40 శాతం, అంటే 6.4 జీబీ ఉంటుంది. అతను దాన్ని తీసేశాడు, దానితో హైబ్రిడ్ స్లీప్ కూడా పోయింది.

సీ డ్రైవ్‌లో డౌన్‌లోడ్లు, పాత ఫొటోలు ఉంటే 1 టీబీ డిస్కులోకి మార్చి చోటు చేయండి. తర్వాత అదే నల్ల కిటికీలో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్ కొట్టండి. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి, స్లీప్ కింద "అలో హైబ్రిడ్ స్లీప్" ఆన్‌లో ఉందో లేదో చూడండి. అక్కడే "హైబర్నేట్ ఆఫ్టర్" కూడా ఉంటుంది, దాన్ని కదిలించనక్కరలేదు. ఇక ఫలితం చూడటానికి ఏదైనా పనికిరాని ఫైలు తెరిచి, సేవ్ చేయకుండా స్లీప్‌లో పెట్టి, పూర్తిగా నిద్రపోయాక యూపీఎస్‌ను బటన్‌తో ఆపేయండి.

కనిగిరి కుర్రాడు | గురువారం, మధ్యాహ్నం 12:10

అక్కా, రోజూ ఆరు జీబీ రాస్తే ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోదా?

మైపాడు అల | గురువారం, మధ్యాహ్నం 12:18

మంచి ప్రశ్న. రోజుకు ఒకసారి, షాపు తెరిచే మూడు వందల రోజులు లెక్క వేసినా ఏడాదికి రెండు టీబీ లోపే. 120 జీబీ ఎస్ఎస్‌డీలకు మొత్తం ఎంత డేటా రాయవచ్చో కంపెనీలు ఇచ్చే హామీ సాధారణంగా పదుల టీబీలలో ఉంటుంది. ఈలోగా ఆ సిస్టమ్‌నే మార్చుకుంటారు.

చీమకుర్తి రాయి | గురువారం, మధ్యాహ్నం 2:40

ఎక్స్ఎంపీ ఆన్‌లోనే ఉంది. ఆపితే వేగం 2666కు దిగింది. ఉదయం నుంచి ఎప్పుడు పడుకోబెట్టినా బుద్ధిగా లేస్తోంది. ట్యాలీ వాడే సిస్టమ్‌లో ఆ వేగం తగ్గినట్టు మాకు ఎక్కడా తెలియడం లేదు. ఇంకో వారం చూసి చెబుతాను, సంతోషపడటానికి తొందర లేదు.

కావలి కార్డులు | గురువారం, రాత్రి 8:25

అయింది! సీ డ్రైవ్‌లో పోయినేటి రొట్టెల పండుగ బ్యానర్ల ఫొటోలు బోలెడు పడి ఉన్నాయి, వాటిని మార్చాను. ఆదేశం కొట్టాను. స్లాష్ ఏ మళ్లీ కొడితే హైబ్రిడ్ స్లీప్ ఈసారి ఉన్నవాటిలో కనబడింది. ఒక నకిలీ కార్డు టైపు చేసి, సేవ్ చేయకుండా స్లీప్‌లో పెట్టి యూపీఎస్ ఆపేశాను. తర్వాత ఆన్ చేస్తే లోగో వచ్చింది, గుండె జారింది. కానీ కింద "రెస్యూమింగ్ విండోస్" అని వచ్చి, ఆ నకిలీ కార్డు కర్సరుతో సహా అక్కడే తెరుచుకుంది. స్లీప్‌లోకి వెళ్లడానికి మాత్రం ఇదివరకటి కంటే కొన్ని క్షణాలు ఎక్కువ తీసుకుంటోంది. ఫర్వాలేదు.

యూపీఎస్ అమ్మినవారికి ఫోను చేశాను. మా మోడల్‌లో ఆ గ్రీన్ మోడ్ ఆపే వీలు లేదన్నారు. ఇక దాని జోలికి వెళ్లను. బోర్డు మార్చమన్నతనికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. "అలా కూడా ఉంటుందా" అని వెళ్లిపోయాడు.

అల గారికీ, మాస్టారికీ, ముఖ్యంగా రొయ్య గారికీ కృతజ్ఞతలు. రొయ్య గారింట్లో పెళ్లి ఉంటే డిజైన్‌కు రూపాయి తీసుకోను.

సింగరాయకొండ రొయ్య | గురువారం, రాత్రి 9:05

మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. మాట గుర్తుంచుకోండి.

ఒంగోలు గిత్త | శుక్రవారం, ఉదయం 8:15

బిళ్ల పీకినప్పటి నుంచి నీలి తెర లేదు. మళ్లీ పెట్టి చూశాను, లేపగానే వచ్చింది. నేరస్థుడు అదే. ఇప్పుడు ఇంకొకటి కొనాలా, దీన్ని దారిలో పెట్టే వీలు ఉందా?

మైపాడు అల | శుక్రవారం, ఉదయం 8:50

ముందు ఆ సీడీ డ్రైవర్ తీసేయండి. డివైస్ మేనేజరులో దాని ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే లోపలి చిప్ ఎవరిదో తెలుస్తుంది. ఆ చిప్ తయారీదారు డ్రైవర్ వేయండి. అదే ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే భాగం ఉంటే, "విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ ఆపవచ్చు" అనే అర్థం వచ్చే మాట ముందున్న టిక్కు తీసేయండి. రెండూ చేశాక కూడా నీలి తెర వస్తే దాన్ని చెత్తబుట్టలో వేసి, రౌటరు దగ్గరలోనే ఉంటే తీగ లాక్కోండి.

ట్రంకు రోడ్డు పాతకాపు | శుక్రవారం, ఉదయం 9:30

మా ఇంట్లో వైఫై రౌటరు కూడా చిన్న యూపీఎస్ మీదే ఉంది. కరెంటు పోయిన కొద్దిసేపటికి నెట్టు పోతోందని ఏడాదిగా నెట్టు వాళ్లతో గొడవ పడుతున్నాను. ఇదీ ఆ టక్ వ్యవహారమేనా? ఎలా తెలుసుకోవాలి?

సింగరాయకొండ రొయ్య | శుక్రవారం, ఉదయం 9:44

ప్లగ్ తీసి పక్కన కూర్చోండి, కీచు ఎప్పుడు ఆగుతుందో వినండి. అదే అయితే ఆ పెద్ద యూపీఎస్ మాని, రౌటర్ల కోసమే అమ్మే 12 వోల్టుల చిన్న డబ్బా కొనుక్కోండి. మేము చెరువు దగ్గర అదే పెట్టాం. కొనేముందు మీ రౌటరు అడాప్టరు మీద కూడా 12 వోల్టులే అని ఉందో లేదో చూసుకోండి.